రమణమ్మ పళ్లెం

నెల్లూరు జిల్లాలో ఒక పల్లె. ఆ ఊళ్లో రమణమ్మ బట్టలు కుడుతుంది. పొద్దున 9 గంటలకు మిషను ముందు కూర్చుంటుంది. దీపాలు పెట్టేదాకా లేవదు. రోజుకు నాలుగుసార్లు టీ తాగుతుంది. సాయంత్రం పిల్లలతోపాటు బజ్జీలో, మిక్చరో తింటుంది. రాత్రి 10 గంటలకు అన్నం తిని, వెంటనే పడుకుంటుంది.

ఒకరోజు ఆశా కార్యకర్త వచ్చింది. 30 ఏళ్లు దాటినవాళ్ల వివరాలు రాసుకుంటోంది.

"నడుము కొలవాలి. లే రమణమ్మా" అంది.

"నా టేపుతోనే కొలువక్కా" అని రమణమ్మ మెడలోని టేపు తీసి ఇచ్చింది.

టేపు మీద 94 సెంటీమీటర్లు వచ్చింది. ఆ అంకెను రమణమ్మ తనే చదివింది.

"ఆడవాళ్లకు 80 దాటకూడదు. మగవాళ్లకు 90 దాటకూడదు" అంది ఆశా.

రమణమ్మ నవ్వింది. "ఊళ్లో అందరి నడుములూ కొలుస్తా. నాది ఎప్పుడూ కొలుచుకోలేదు" అంది.

ఆశా ఆమెను ఆస్పత్రికి పంపింది. అక్కడ బరువు చూశారు. 72 కిలోలు ఉంది. రక్తంలో చక్కెర కొంచెం ఎక్కువగా ఉంది. పొట్టకు స్కానింగు తీశారు.

"నీ లివర్‌కు కొవ్వు పట్టిందమ్మా. వచ్చేవారం రా. ఏం తినాలో చెబుతాను" అంది డాక్టరమ్మ.

రమణమ్మ గుండె గుభేలుమంది. స్కానింగు కాగితాన్ని ఇంట్లో బట్టల మూట కింద దాచింది.

దాచిన కాగితం

ఎందుకు దాచింది? అత్త పెంచలమ్మకు భయపడి దాచింది.

పెంచలమ్మ భర్త సారా తాగేవాడు. లివర్ చెడిపోయి చనిపోయాడు. 1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. రాత్రి బడిలో చదువుకున్నవాళ్లు ఊరూరా సారా కొట్లు మూయించారు. పెంచలమ్మ కూడా వాళ్లలో ఒకతె. ఆ ఇంట్లో లివర్ జబ్బు అంటే తాగుబోతు జబ్బే.

"నాకు ఆ జబ్బని తెలిస్తే అత్త ఏమనుకుంటుంది? ఊరు ఏమనుకుంటుంది?" అని రమణమ్మ కుమిలిపోయింది. మళ్లీ ఆస్పత్రికి పోలేదు. ఎవరో చెప్పారని పసరు మందు తాగింది. కొవ్వు కరుగుతుందని రెండు రోజులు అన్నం మానేసింది. మూడోరోజు కళ్లు తిరిగి మిషను మీద పడిపోయింది.

పెంచలమ్మ పరుగున వచ్చింది. కోడలికి మజ్జిగ తాగించింది. మంచం మీద దుప్పటి పరుద్దామని మూట లాగింది. కాగితం బయటపడింది.

"ఏందమ్మే ఇది?"

రమణమ్మ ఏడుస్తూ చెప్పింది. పెంచలమ్మ కొంచెంసేపు మాట్లాడలేదు.

"నువ్వు తాగవని నాకు తెలుసు. తాగనిదానికి ఈ జబ్బు ఎట్టా వచ్చిందో నాకూ తెలియాలి. పద, ఆస్పత్రికి పోదాం" అంది.

తాగకపోయినా వస్తుంది

"పెద్దమ్మా, మేకకు కార్జం ఉంటుంది కదా?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఉంటుంది."

"మనకూ ఉంటుంది. అదే లివర్. కాలేయం అని కూడా అంటారు. కుడివైపు పక్కటెముకల కింద ఉంటుంది. తిన్న తిండి అరిగాక ముందు దాని దగ్గరికే పోతుంది. ఒంటికి కావలసినంత అది పంచుతుంది. మిగిలినదాన్ని దాస్తుంది. మనం ఎక్కువ తిని తక్కువ కదిలితే రోజూ మిగులుతుంది. అదంతా కొవ్వుగా మారుతుంది. కొంత పొట్టచుట్టూ చేరుతుంది. కొంత లివర్‌లోనే చేరుతుంది."

"అంటే సారాతో పని లేదా?"

"సారా తాగితే లివర్ చెడుతుంది. అది నిజం. తాగకపోయినా చక్కెర, తెల్లన్నం, నూనె ఎక్కువైతే కొవ్వు పడుతుంది. ఇది ఆడవాళ్లకూ వస్తుంది, మగవాళ్లకూ వస్తుంది. లావుగా ఉన్నవాళ్లకు, షుగరు ఉన్నవాళ్లకు ఎక్కువగా వస్తుంది. సన్నగా ఉన్నవాళ్లకు కూడా రావచ్చు. సిగ్గుపడవలసిన జబ్బు కాదు."

"నాకు నొప్పేం లేదే" అంది రమణమ్మ.

"మొదట్లో నొప్పి ఉండదు. అందుకే చాలామందికి తెలియదు. అట్టాగే వదిలేస్తే కొందరికి లివర్ వాస్తుంది. తర్వాత మచ్చలు పడి గట్టిపడుతుంది. అప్పుడు ప్రాణం మీదికి వస్తుంది. నీకు ఇంకా మొదటి దశే. ఇప్పుడు జాగ్రత్తపడితే కొవ్వు తగ్గుతుంది."

"మందు రాయండమ్మా."

"మొదటి మందు నీ పళ్లెంలో ఉంది. రెండోది నీ కాళ్లలో ఉంది. ఆ పసరు మాత్రం మళ్లీ తాగవద్దు. అందులో ఏముందో మనకు తెలియదు. కొన్ని పసర్లు లివర్‌నే చెడగొడతాయి. కడుపు మాడ్చుకోవడం కూడా తప్పే. బరువు మెల్లగా తగ్గాలి. వారానికి అరకిలో చాలు. 72 కిలోల మనిషి 5 కిలోలు తగ్గినా లివర్‌కు చాలా మేలు. 7 కిలోలు తగ్గితే ఇంకా మంచిది."

2021లో కేంద్ర ప్రభుత్వం ఈ జబ్బును షుగరు, బీపీ, కేన్సరు జబ్బుల కార్యక్రమంలో చేర్చింది. తాగనివాళ్లకూ ఈ జబ్బు వస్తుందని ఆస్పత్రుల్లో చెప్పడం ఆ కార్యక్రమంలో భాగమే.

వంటింటి లెక్క

ఇంటికి రాగానే పెంచలమ్మ పలక తీసింది. అత్తాకోడళ్లు లెక్క వేశారు.

ఒక టీకి చక్కెర 2 చెంచాలు.
రోజుకు 4 టీలు. అంటే 8 చెంచాలు.
చెంచాకు సుమారు 5 గ్రాములు. రోజుకు 40 గ్రాములు.
నెలకు 1200 గ్రాములు. అంటే కిలో 200 గ్రాములు.

"ఒక్క టీలోనే ఇంత చక్కెరా!" అని రమణమ్మ నోరు వెళ్లబెట్టింది.

"బెల్లం వేసుకుంటే?" అని అడిగాడు మొగుడు.

"బెల్లమైనా, తేనె అయినా తీపి తీపే. డాక్టరమ్మను అది కూడా అడిగే వచ్చా" అంది పెంచలమ్మ.

తర్వాత నూనె లెక్క తీశారు. ఇంట్లో ఐదుగురు ఉన్నారు. నెలకు 4 లీటర్లు అవుతోంది. మనిషికి రోజుకు 4 చిన్న చెంచాల నూనె చాలు. అంటే 20 మిల్లీలీటర్లు. ఆ లెక్కన ఐదుగురికి నెలకు 3 లీటర్లు సరిపోతుంది.

"సారా కొట్టు మూయించినవాళ్లం. చక్కెర డబ్బా మూయలేమా?" అంది పెంచలమ్మ.

పళ్లెం మారింది

హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. రోజూ తినే తిండిలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలని ఆ సంస్థ చెబుతోంది. రమణమ్మ పళ్లెంలో ముందు ముప్పావు వంతు అన్నమే ఉండేది. ఓ మూల కాస్త కూర, పైన పులుసు.

ఇప్పుడు పళ్లెంలో సగం కూర ఉంటుంది. తోటకూర, మునగాకు, బీరకాయ, సొరకాయ, చిక్కుడు. వేపుడు తగ్గించి, ఉడికించి తాలింపు పెడుతున్నారు. పావు వంతు పప్పో, అలసందలో, గుడ్డో, చేపల పులుసో. మిగతా పావు వంతు అన్నం. ఒక్కోపూట రాగి సంగటి, జొన్నరొట్టె. సంగటి అయినా కొలతే. మంచిదని రెండు ముద్దలు తినకూడదు.

సాయంత్రం బజ్జీలకు బదులు ఉడికించిన పెసలు, గుప్పెడు వేరుశనగలు, జామకాయ. పండు రసం తీయకుండా కొరికి తింటారు. కూల్‌డ్రింకులు, మైదా పరోటా, బేకరీ తిండి, వనస్పతి మానేశారు. ఒకసారి కాగిన నూనెను మళ్లీ కాచడం లేదు. టీ రెండుసార్లే. చక్కెర మొదట ఒక చెంచా, తర్వాత అర చెంచా, ఆఖరికి లేకుండా. రాత్రి అన్నం 8 గంటలకే.

రమణమ్మకు వేరే వంట లేదు. ఇంటిల్లిపాదికీ అదే వంట. "మాకూ ఈ గడ్డేనా?" అని పిల్లలు వారం రోజులు గొణిగారు. తర్వాత అలవాటుపడ్డారు.

రోజూ పొద్దున అత్తాకోడళ్లు చెరువుకట్ట మీద అరగంట గబగబా నడుస్తున్నారు. గంటకోసారి రమణమ్మ మిషను దగ్గరనుంచి లేచి నాలుగడుగులు వేస్తోంది.

ఆరు నెలలు గడిచాయి. బరువు 67 కిలోలు. నడుము 88. చక్కెర తగ్గింది. మళ్లీ స్కానింగు తీశారు. లివర్‌లో కొవ్వు తగ్గింది.

"పూర్తిగా పోయిందా?" అని అడిగింది రమణమ్మ.

"ఇంకా కొంత ఉంది. పాత తిండికి పోతే మళ్లీ పెరుగుతుంది. ఈ పళ్లెం వదలవద్దు" అంది డాక్టరమ్మ.

ఈసారి రమణమ్మ కాగితం దాచలేదు. దండెం పక్కన మేకుకు తగిలించింది. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు "అదేంది?" అని అడుగుతారు. ఆమె చెబుతుంది. నడుము కొలత చెప్పి, 80 అంకె చూపిస్తుంది.

గుర్తుంచుకోండి

1. కళ్లు పచ్చబడినా, పొట్ట ఉబ్బినా, కాళ్లు వాచినా, రక్తం కక్కినా, విరేచనం నల్లగా అయినా వెంటనే ఆస్పత్రికి పోవాలి.
2. షుగరు మందులు వాడేవాళ్లు డాక్టరును అడిగే తిండి తగ్గించాలి. గర్భిణులు, బాలింతలు బరువు తగ్గాలని తిండి తగ్గించకూడదు.
3. లివర్‌కు కొవ్వు పట్టినవాళ్లు సారా, కల్లు, బ్రాందీ ముట్టకూడదు.

చెప్పండి

1. రమణమ్మ కాగితం ఎందుకు దాచింది? అలా దాచడం వల్ల ఏం జరిగింది?
2. తాగనివాళ్లకు లివర్ జబ్బు ఎలా వస్తుంది?
3. మీ పళ్లెంలో అన్నం ఎంత? కూర ఎంత? బొమ్మ గీయండి.

లెక్క వేయండి

మీ ఇంట్లో రోజుకు ఎన్ని టీలు? టీకి ఎన్ని చెంచాల చక్కెర? నెలకు ఎంత అవుతుంది? దానికి ఎంత ఖర్చు?