ఐటీఐ సర్టిఫికెట్‌కు గల్ఫ్‌లో విలువెంత?

మీరు ఐటీఐ ఎలక్ట్రీషియన్. వీసాలో మాత్రం లేబర్ అని ఉంది. చేసేది వైరింగ్, వచ్చేది హెల్పర్ జీతం. సర్టిఫికెట్‌కు అన్ని ముద్రలూ వేయించాను కదా అంటారు. ఆ ముద్ర చెప్పేది కాగితం నకిలీ కాదని, అంతే. అక్కడి చదువుతో సమానమని కాదు. మన దగ్గర 2013లో వచ్చిన ఎన్ఎస్‌క్యూఎఫ్‌లో ప్రతి కోర్సుకూ ఒక లెవెల్ ఉంటుంది. ఆ లెవెల్‌ను అవతలి దేశం కూడా ఒప్పుకోవాలి, చిక్కంతా అక్కడే. సౌదీ అయితే ప్లంబర్, వెల్డర్, ఎలక్ట్రీషియన్ లాంటి పనులకు ఇండియాలోనే పరీక్ష పెడుతోంది. ముద్రల సంగతికొస్తే సౌదీ, ఒమన్, బహ్రెయిన్‌లకు అపోస్టిల్ చాలు. కువైట్‌కు ఎంబసీ ముద్ర కూడా కావాలి. సంతకం పెట్టకముందే కాంట్రాక్టులో పని పేరు ఏం రాశారో ఎవరిచేతనైనా చదివించుకోండి. ఒరిజినల్ మాత్రం ఏజెంటు దగ్గర వదిలిపెట్టకండి.