ఫ్రేము జారనివ్వని పనితనం: వీడియో డిజిటైజేషన్‌లో ఉపాధి

టేపులో ఉన్న వీడియోను కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు కొన్ని ఫ్రేములు నమోదు కాకుండా జారిపోవడాన్ని ఫ్రేమ్ డ్రాప్ అంటారు. మన దేశంలో వాడిన పాల్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు, అంటే గంట టేపులో 90,000 ఫ్రేములు ఉంటాయి. వాటిలో పాతికో యాభయ్యో అక్కడక్కడా జారితే బొమ్మలో వెంటనే తెలియకపోవచ్చు. శబ్దం మాత్రం ఆగకుండా నమోదవుతూనే ఉంటుంది. 25 ఫ్రేములు పోయి, సాఫ్ట్‌వేర్ ఆ ఖాళీని నింపకపోతే, టేపు చివరికి చేరేసరికి పెదవి కదలికకూ మాటకూ మధ్య ఒక సెకను తేడా వస్తుంది. ఈ లోపం ఎక్కడ పుట్టిందో వరసగా వెతికి పట్టుకోగలగడమే వీడియో డిజిటైజేషన్ వృత్తికి పునాది. ఇంటర్ చదివిన విద్యార్థి కూడా ఇంట్లో ఉన్న కంప్యూటర్ మీదే దీన్ని నేర్చుకోవచ్చు.

హైదరాబాద్ పాతబస్తీలో అవకాశం

1980లు, 90లలో శాలిబండ, మొఘల్‌పురా, యాకుత్‌పురా వంటి బస్తీల్లో నికా, వలీమా వేడుకలను వీహెచ్ఎస్ క్యాసెట్ల మీదే తీసేవారు. గల్ఫ్‌లో పనిచేస్తూ పెళ్లికి రాలేకపోయిన అన్నదమ్ములకు ఆ క్యాసెట్లే ఇంటి కబురు. లాల్‌దర్వాజా బోనాలు, దబీర్‌పురా నుంచి సాగే బీబీ కా ఆలం ఊరేగింపు, ముషాయిరాలు, ఖవ్వాలీలు కూడా టేపులకు ఎక్కాయి. అవి ఆ కుటుంబాల జ్ఞాపకాలే కాదు, నగర చరిత్రకు ఆధారాలు కూడా.

వాటికి ఇక ఎక్కువ సమయం లేదు. జేవీసీ సంస్థ 1976లో తెచ్చిన వీహెచ్ఎస్ పద్ధతికి ప్లేయర్లు తయారుచేస్తూ వచ్చిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జులైలో ఉత్పత్తి ఆపేసింది. 2025 తర్వాత అయస్కాంత టేపులను ఆడించడం కష్టమవుతుందని యునెస్కో, అంతర్జాతీయ ధ్వని, దృశ్య భాండాగారాల సంఘం 2019లోనే హెచ్చరించాయి. కొత్త యంత్రాలు రావు, ఉన్నవి అరిగిపోతున్నాయి. టేపును ఒక్కసారే ఆడించే వీలున్నా ఫ్రేము జారకుండా ఎక్కించగల మనిషి అవసరం ఇప్పుడే ఎక్కువ.

లోపాన్ని వెతికే వరస

ముందు తేల్చుకోవాల్సింది తప్పు టేపుదా, కంప్యూటర్‌దా అన్నది. టేపు మరోసారి ఆడించే స్థితిలో ఉంటే పది నిమిషాల భాగాన్ని రెండుసార్లు క్యాప్చర్ చేయాలి, అంటే కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. రెండుసార్లూ ఒకే చోట ఫ్రేములు జారితే టేపునో, దాన్ని ఆడించే వీసీఆర్‌నో అనుమానించాలి. వేర్వేరు చోట్ల జారితే కంప్యూటర్‌ను అనుమానించాలి. ఈ చిన్న పరీక్ష చేయకుండా సెట్టింగులన్నీ మార్చేవారు గంటలు వృథా చేసుకుంటారు.

టేపు, వీసీఆర్: వానాకాలపు తేమకు టేపు అంచున తెల్లటి బూజు పడుతుంది. బూజు పట్టిన క్యాసెట్‌ను మంచి వీసీఆర్‌లో పెడితే హెడ్లు పాడవుతాయి, తర్వాత పెట్టే క్యాసెట్లకూ బూజు అంటుతుంది. ముందు టేపును శుభ్రం చేయించాలి. హెడ్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే ఆడించాలి. క్యాసెట్ ఏ దేశంలో రికార్డయిందో కూడా అడగాలి. అమెరికా నుంచి వచ్చిన క్యాసెట్ ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో, సెకనుకు 29.97 ఫ్రేములతో ఉంటుంది. సౌదీ అరేబియాలో టీవీ నుంచి రికార్డు చేసినది మీసెకామ్ కావచ్చు. పాల్ మాత్రమే తెలిసిన వీసీఆర్‌లో దానికి రంగులు రావు. ఇలాంటి క్యాసెట్లకు అన్ని పద్ధతులూ ఆడించే మల్టీ సిస్టమ్ వీసీఆర్ కావాలి. సాఫ్ట్‌వేర్‌లోనూ ఆ పద్ధతినే ఎంచుకోవాలి.

సింక్: వీహెచ్ఎస్ నుంచి వచ్చే సిగ్నల్ స్థిరంగా ఉండదు. బొమ్మలోని ఒక్కో గీత కాస్త ముందుగానో ఆలస్యంగానో వస్తుంది. క్యాప్చర్ పరికరం మాత్రం ప్రతి ఫ్రేమూ సరిగ్గా 40 మిల్లీసెకన్లకు రావాలని ఎదురుచూస్తుంది. రికార్డింగ్ ఆపి మళ్లీ మొదలుపెట్టిన అతుకుల దగ్గర, ఖాళీ టేపు దగ్గర సింక్ పూర్తిగా తెగి ఫ్రేములు గుంపుగా జారతాయి. సిగ్నల్ సమయాన్ని సరిదిద్దే టైమ్ బేస్ కరెక్టర్‌ను మధ్యలో పెట్టడమే దీనికి మందు. నాణ్యమైన ఎస్-వీహెచ్ఎస్ వీసీఆర్లలో గీతల స్థాయి కరెక్టర్ లోపలే ఉంటుంది. అతుకుల దగ్గర తెగే సింక్‌కు మాత్రం మొత్తం ఫ్రేమును సరిచేసే విడి పరికరం అవసరం కావచ్చు.

కేబుల్, పోర్టు: యూఎస్‌బీ క్యాప్చర్ పరికరాన్ని హబ్‌కు కాకుండా కంప్యూటర్ వెనక ఉన్న పోర్టుకు నేరుగా తగిలించాలి. వీడియో నిల్వచేసే ఎక్స్‌టర్నల్ డిస్కును దాని పక్క పోర్టుకు పెడితే రెండూ ఒకే దారిలో పోటీపడవచ్చు. విండోస్ పవర్ సెట్టింగుల్లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్‌ను ఆపాలి. మినీ డీవీ క్యాసెట్ల సంగతి వేరు. వాటిలోనిది అప్పటికే డిజిటల్ సమాచారం కాబట్టి క్యామ్‌కార్డర్ నుంచి ఫైర్‌వైర్ ద్వారా ఉన్నదున్నట్టుగా బదిలీ చేయాలి.

డిస్కు: 720×576 పరిమాణంలో కంప్రెస్ చేయని పాల్ వీడియో సెకనుకు దాదాపు 21 మెగాబైట్లు, గంటకు సుమారు 75 గిగాబైట్లు తీసుకుంటుంది. డీవీ ఫైలుకు గంటకు 13 గిగాబైట్లు చాలు. నాణ్యత తగ్గకుండా పరిమాణం తగ్గించాలంటే హఫ్‌వైయూవీ, ఎఫ్‌ఎఫ్‌వీ1 వంటి లాస్‌లెస్ కోడెక్‌లు వాడాలి. విండోస్ ఉన్న డిస్కు మీద కాక, తగినంత ఖాళీ ఉన్న వేరే డిస్కు మీద రాయాలి. ఎఫ్‌ఏటీ32 ఫార్మాట్‌లో ఒక ఫైలు 4 గిగాబైట్లు దాటదు కాబట్టి ఎన్‌టీఎఫ్‌ఎస్ ఎంచుకోవాలి.

సాఫ్ట్‌వేర్: యాంటీవైరస్ తనిఖీ, విండోస్ అప్‌డేట్, క్లౌడ్ బ్యాకప్, వైఫై డ్రైవర్ వీటిలో ఏదైనా కొన్ని క్షణాలు ప్రాసెసర్‌ను పట్టేస్తే చాలు, ఫ్రేము జారుతుంది. ఏ డ్రైవర్ ఆలస్యం చేస్తోందో లేటెన్సీమాన్ అనే సాఫ్ట్‌వేర్ చూపిస్తుంది. శబ్దాన్ని విడి సౌండ్ కార్డు నుంచి కాక, వీడియో వచ్చే పరికరం నుంచే తీసుకోవాలి. రెండింటి గడియారాలు వేరైతే, తేడాను సర్దడానికి సాఫ్ట్‌వేరే ఫ్రేములను తీసేస్తుంది, లేదా చేరుస్తుంది. వర్చువల్‌డబ్ అనే క్యాప్చర్ సాఫ్ట్‌వేర్‌లో జారినవి, చేర్చినవి రెండు విడి లెక్కలుగా కనిపిస్తాయి. రెండో లెక్క పెరగడం కూడా లోపమే.

రికార్డింగ్‌కూ లైవ్ ప్రసారానికీ వాడే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్‌లో మూడు లెక్కలుంటాయి. రెండరింగ్ ఆలస్యం వల్ల తప్పినవి గ్రాఫిక్స్ కార్డు మీద భారాన్ని, ఎన్‌కోడింగ్ ఆలస్యం వల్ల వదిలేసినవి ఎన్‌కోడర్ వెనకబాటును, మూడోదైన డ్రాప్డ్ ఫ్రేమ్స్ నెట్‌వర్క్ లోపాన్ని చెబుతాయి. వేడుకలను లైవ్‌లో ప్రసారం చేసేవారు ఈ తేడా తెలుసుకుంటే, నెట్ బాగోలేనప్పుడు కంప్యూటర్ మార్చే ఖర్చు తప్పుతుంది.

అన్ని దశలకూ సూత్రం ఒక్కటే: ఒకసారికి ఒకే మార్పు చేయాలి, ఫలితాన్ని రాసిపెట్టుకోవాలి.

నేర్చుకునే దారులు

సాధనకు కావాల్సినవి పాత వీసీఆర్, యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం, రెండో డిస్కు. విడిభాగాలకు కోఠిలోని గుజరాతీ గల్లీ, కంప్యూటర్ సామానుకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ దగ్గరి మార్కెట్లు. సాఫ్ట్‌వేర్‌లో వర్చువల్‌డబ్, ఓబీఎస్ ఉచితం. ఆర్కైవ్ నిపుణులు వాడే వీరికార్డ్ కూడా ఉచితమే. కంప్యూటర్ ప్రాథమికాలకు పురానీ హవేలీలోని సెట్విన్‌లో విచారించవచ్చు. డిగ్రీ కోరేవారికి మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఫొటోగ్రఫీలో బీఎఫ్ఏ ఉంది. ఉర్దూ మాధ్యమంలో చదివినవారికి గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం జర్నలిజం కోర్సులు నడుపుతోంది. సంరక్షణ రంగంలోకి వెళ్లాలనుకునేవారు ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ శిక్షణ శిబిరాలను గమనిస్తుండాలి. ఆ సంస్థ 2019 డిసెంబరులో హైదరాబాద్‌లోని అన్నపూర్ణ స్టూడియోస్‌లోనే ఒక శిబిరం నిర్వహించింది.

ఉద్యోగం, స్వయం ఉపాధి

ఈ నైపుణ్యంతో డిజిటైజేషన్ ఆపరేటర్, నాణ్యత పరిశీలకుడు, ఆర్కైవ్ సహాయకుడు, లైవ్ స్ట్రీమింగ్ టెక్నీషియన్ వంటి పనులకు అర్హత వస్తుంది. ఉర్దూ, దక్కనీ, తెలుగు తెలిసినవారు టేపులో ఏముందో వివరంగా రాసిపెట్టగలరు. ఆర్కైవ్‌లలో ఆ పనికి విలువ ఎక్కువ.

మహిళలకు ఇది మరింత అనువైన వృత్తి. జనానా వైపు వీడియోను మహిళలే తీయాలని కోరే కుటుంబాలు ఆ టేపులను తెలియని దుకాణంలో ఇవ్వడానికి సహజంగానే వెనకాడతాయి. నమ్మకమైన అమ్మాయి ఇంట్లోనే ఈ పని చేస్తే ఆ ఇళ్లు ఆమెకే టేపులు ఇస్తాయి. అందుకు ఒక నియమం తప్పనిసరి: కస్టమర్ రాతపూర్వక అనుమతి లేకుండా ఒక్క దృశ్యమూ బయటికి పోకూడదు, పని అప్పగించి నిర్ధారించుకున్నాక కాపీలు తుడిచేయాలి.

ధర చెప్పేటప్పుడు సమయాన్ని లెక్కగట్టాలి. మూడు గంటల టేపు ఎక్కడానికి మూడు గంటలూ పడుతుంది, తొందరపెట్టే దారి లేదు. టేపు శుభ్రం చేయడం, ఫైలు తనిఖీ, కాపీలు దీనికి అదనం. ఇవేవీ లెక్కలోకి తీసుకోకుండా ధర చెప్పినవారు నష్టపోతారు.

ఇంటర్వ్యూకు వెళ్లేవారు సర్టిఫికెట్‌తో పాటు మూడు వస్తువులు పట్టుకెళ్లాలి: సరిచేయకముందు, సరిచేశాక తీసిన ఒకే భాగం తాలూకు రెండు ఫైళ్లు, ఏ మార్పుకు ఎన్ని ఫ్రేములు జారాయో రాసిన పట్టిక, ఫైలు చెడలేదని చూపే చెక్‌సమ్. జారిన ఫ్రేములు సున్నా అని రాసి ఉన్న ఆ పట్టికే అభ్యర్థి పనితనానికి సాక్ష్యం. ఈ రంగంలోకి రావాలనుకునే యువత సొంత ఇంట్లోని పాత క్యాసెట్‌తోనే మొదలుపెట్టాలి. వచ్చే వానాకాలం లోపే మొదలుపెట్టాలి.