చూపులో తోకలు కనిపిస్తుంటే పనికి వెళ్లాలా?

లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసే కారీగర్‌కు కన్నే పెట్టుబడి. వేడికి మెత్తబడిన లక్క గట్టిపడేలోపే రాళ్లు అద్దేయాలి. అలాంటి పనిలో ఉన్నవాడికి చెయ్యి కదిపినప్పుడల్లా దాని వెనక తోకలా గీతలు కనిపిస్తే? రాయి మీంచి చూపు తిప్పుకున్నా దాని మెరుపు గోడ మీద అలాగే నిలిచిపోతే? ఎప్పుడో స్నేహితులతో కలిసి ఎల్‌ఎస్‌డీ బ్లాట్ వేసుకున్నాడు. మత్తు ఆ మర్నాటికే దిగింది. చూపు మాత్రం ఇంకా కుదుటపడలేదు.

దీన్ని డాక్టర్లు హెచ్‌పీపీడీ అంటారు. అమెరికా మానసిక వైద్యుల జబ్బుల పుస్తకంలో 1987లోనే చోటు దక్కింది. దీపాల చుట్టూ వలయాలు, పాత టీవీలో చుక్కల్లాంటి మసక, వస్తువులు ఉన్నదానికంటే చిన్నగానో పెద్దగానో కనబడటం దీని లక్షణాలు. అరుదే, కానీ ఒక్కసారి తీసుకున్నవాళ్లలోనూ వచ్చిన సందర్భాలున్నాయి. కనిపించేది నిజం కాదని మనిషికి తెలుస్తూనే ఉంటుంది. ఆ ఎరుక పోయి, ఎవరో మాట్లాడుతున్నట్టు కూడా వినిపిస్తే అది వేరే సమస్య, ఆలస్యం చేయొద్దు.

ముందు కళ్లు చూపించుకోండి. మెహదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది. ఉన్నట్టుండి మెరుపులు, నల్లచుక్కలు, చూపుకు తెర అడ్డుపడినట్టు ఉంటే అది రెటీనా ఊడటం కావచ్చు. ఆ రోజే వెళ్లాలి. కంట్లో లోపం లేదన్నారని మీకేమీ లేదనుకోకండి. అప్పుడు మానసిక వైద్యుల వంతు: అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా, లేదా ఎర్రగడ్డ ఆసుపత్రి. అక్కడ ఏం తీసుకున్నారో దాచకుండా చెప్పండి. రిస్పెరిడోన్ లాంటి మందుతో ఈ తేడా ఇంకా ఎక్కువైన కేసులున్నాయి, అసలు సంగతి తెలియకపోతే డాక్టర్ అదే రాసివ్వవచ్చు.

పోలీసుల భయమా? మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లోని 23వ సెక్షన్ రోగి వివరాలను గోప్యంగా ఉంచమంటుంది. ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ కింద, మత్తుకు బానిసైనవాళ్లు వాడకం కేసులోనో, కొద్దిపాటి సరుకు కేసులోనో చిక్కుకుని స్వచ్ఛందంగా గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వెళ్తే, విచారణ నుంచి మినహాయింపు పొందవచ్చు. చికిత్స మధ్యలో మానేస్తే ఆ మినహాయింపు పోవచ్చు. 2017లో డ్రగ్స్ కేసులో ఎక్సైజ్ సిట్ సినిమావాళ్లను పిలిచి ప్రశ్నించినప్పటి నుంచి నగరంలో ఎల్‌ఎస్‌డీ అంటే కేసే గుర్తొస్తోంది, ఆసుపత్రి గుర్తు రావడం లేదు.

సేఠ్‌కు ఎంత చెప్పాలి? అంతా అక్కర్లేదు. ‘కళ్ల సమస్య, డాక్టర్ చూస్తున్నారు’ అంటే అబద్ధం కాదు. గాజుకింతని లెక్కగట్టే చోట చెయ్యి ఆగితే కూలి ఆగుతుంది, అందుకే సెలవు అడగడం కంటే పని మార్చమని అడగడం మేలు. జతలు కట్టడం, ప్యాకింగ్, కౌంటర్ అమ్మకం కొన్నాళ్లు చేయొచ్చు. మంట, లక్క, కోత యంత్రం దగ్గర మాత్రం కూర్చోవద్దు. ఆటో, బైకు నడిపేవాళ్లు రాత్రి బండి తీయకపోవడమే మంచిది. చార్మినార్ చుట్టూ దీపాల మధ్య వలయాలు కనిపిస్తుంటే అడ్డం వచ్చే మనిషి ఏం కనపడతాడు?

గంజాయి కాస్త నెమ్మది ఇస్తుందని స్నేహితుడు చెప్తే వినకండి. తోకలను మళ్లీ రేపేది చాలాసార్లు అదే. నిద్ర లేకపోవడం, ఆందోళన కూడా పెంచుతాయి. వెలుతురులోంచి చీకటి గదిలోకి అడుగుపెట్టగానే ఎక్కువైనట్టు చాలామంది చెప్తారు, గల్లీలో చీకటి కార్ఖానాల సంగతి మీకు తెలిసిందే. ఎప్పుడు, ఏ పనిలో, ఎంతసేపు వచ్చిందో ఫోన్‌లో రాసుకుని డాక్టర్‌కు చూపించండి. బయటికి వెళ్లే వీలు లేకపోతే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. మత్తు మానడానికి సాయం కావాలంటే 14446.

చాలామందికి మెల్లగా తగ్గుతుంది, కొందరికి ఏళ్లు పడుతుంది. రంజాన్‌లో బజారు తెల్లవార్లూ మెలకువగా ఉంటుంది, ఆర్డర్లు అంతకు చాలా ముందే మొదలవుతాయి. సేఠ్‌తో పగటి పని గురించి ఆ ఆర్డర్లు పడకముందే మాట్లాడుకోండి.