తెరపై మన ముఖము, మన మాట

2005వ సంవత్సరము ఏప్రిల్ 23వ తేదీన యూట్యూబునందు మొట్టమొదటి వీడియో ఉంచబడెను. దాని నిడివి 19 సెకన్లు. అమెరికాలోని శాన్ డియాగో జంతుప్రదర్శనశాలలో జావేద్ కరీమ్ అను యువకుడు ఏనుగుల ముందు నిలుచుండి, వాని తొండములు మిక్కిలి పొడవైనవని చెప్పును. అంతకు మించి అందులో ఏమియు లేదు. అయినను ఒక సామాన్యుడు తాను చూచినదానిని తన నోటితో లోకమునకు చెప్పెను. అంతకు పూర్వము తెరమీదికి వచ్చుటకు నిర్మాతయో, దూరదర్శన్ అధికారియో ద్వారము తెరువవలసియుండెను. ఇప్పుడు సెల్‌ఫోను చాలును. ఈ మార్పు మన పిల్లలను ఏమి చేయుచున్నదో విచారింతము.

తెలంగాణమున జగిత్యాల జిల్లాలో లంబాడిపల్లె యను చిన్న గ్రామము కలదు. 2012లో శ్రీకాంత్ శ్రీరామ్ అను యువకుడు ‘మై విలేజ్ షో’ అను పేర అచ్చటి జీవనమును వీడియోలుగా తీయ నారంభించెను. వానివలన ప్రసిద్ధురాలైన గంగవ్వ కూలిపని చేసి పిల్లలను పెంచిన స్త్రీ. ఆమెకు చదువు రాదు గనుక కాగితముపై వ్రాసిన సంభాషణ పనికిరాదు. సంగతి విని తన యాసలో పలుకవలసినదే. ఆ పలుకులనే లక్షలమంది కోరి వినిరి. 2019లో ‘మల్లేశం’ చిత్రమునందును ఆమె కనబడెను.

ఇందు విశేషమేమన, వెండితెరపై తెలంగాణపు యాస చిరకాలము హాస్యగాండ్రకును దుష్టపాత్రలకును విడువబడియుండెను. పల్లెనుండి వచ్చిన బాలుడు తరగతిలో ‘వచ్చిండు’ అని, ప్రక్కవాడు నవ్వగా, తక్కిన మాటను మ్రింగివేయుట మేము పలుమారులు చూచితిమి. అట్టి బాలునికి గంగవ్వ వీడియో ఏ వ్యాకరణమును చెప్పలేని సంగతి చెప్పును: వాని యింటి మాట మాటయే. గ్రంథభాషలో వ్రాయుచున్న మేము ఇట్లనుట కొందరికి వింతగా దోచవచ్చును. పరీక్షపత్రమునకు ఒక భాష, అవ్వతో మాటలాడుటకు ఒక భాష ఉండుట వింత కాదు; రెండవదానికి సిగ్గుపడుటయే వింత.

జగిత్యాల ప్రాంతమునుండి అనేకులు గల్ఫు దేశములకు పనికి పోయియున్నారు. రాత్రి పని ముగించి గదిలో ఈ వీడియో చూచువానికి కథ ముఖ్యము కాదు. వెనుక కూయు కోడి, వాకిటి వేపచెట్టు, తిట్టులోని తీపి ముఖ్యములు. ఆంధ్రదేశమున నూరేండ్లు దాటినవారని పేరొందిన మస్తానమ్మ, 2018 డిసెంబరులో మరణించువరకు, ఆరుబయట కట్టెలపొయ్యి ముందు కూర్చుండి వండిన వంటలను చూచినవారు కూడ వంట నేర్చుకొనుటకే చూడలేదని మా తలంపు. ఎవరి అమ్మమ్మ వారికి జ్ఞప్తికి వచ్చియుండును.

అయితే ఇందు ఒక లెక్క కలదు. తలిదండ్రులు దానిని తెలిసికొనవలెను. 2012 నుండి యూట్యూబు, వీడియో ఎన్నిమారులు తెరవబడినదను దానికంటె ఎంతసేపు చూడబడినదను దానికి ఎక్కువ విలువ నిచ్చి, ఎవరికేది చూపవలెనో నిర్ణయించుచున్నది. 2018లో ప్రకటనల ఆదాయము కోరువారికి 1,000 మంది చందాదారులును, ఒక సంవత్సరములో 4,000 గంటల వీక్షణమును ఉండవలెనని నియమము చేసెను. ఒక బాలుడు పాట పాడి వీడియో పెట్టెననుకొందము. పదిమంది చూచిరి. మరియొకనాడు పాట నడుమ జారిపడెను, వేయిమంది చూచిరి. మరునాడు కావలెనని జారిపడును. నాలుగవనాడు తమ్ముని త్రోయును! ఎవరును వానిని బలవంతపెట్టలేదు. చూపరుల సంఖ్యయే వానికి ఉపాధ్యాయుడైనది. తనను తాను చూపుటకు బయలుదేరినవాడు, ఇతరులు చూడగోరినవాడుగా మారుట ఇట్లే జరుగును. పాట ఏమైనదని అడుగువాడు ఇంటిలో ఒక్కడైనను ఉండవలెను.

అచ్చట కూడిన సంఘము కూడ మన స్వంతస్థలములోనిది కాదు. 2020 జూన్ 29వ తేదీన భారత ప్రభుత్వము టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించెను. దానిమీద ఆటపాటలతో చూపరులను సంపాదించుకొన్న కూలీలు, గృహిణులు, పల్లె యువకులు ఒక్కసారిగ వారిని పోగొట్టుకొనిరి. నిషేధపు న్యాయాన్యాయములు ఇచ్చట మా విషయము కావు. పరుల నేలపై వేసిన పందిరి ఎంత నిండియున్నను పందిరియే యని చెప్పుచున్నాము.

తొమ్మిదవ తరగతివారికి ఈ వేసవిలో ఒక పని యిచ్చుచున్నాము. మీ యింటనో ప్రక్కయింటనో ఉన్న అవ్వను గాని తాతను గాని కూర్చుండబెట్టి, తమ చిన్ననాట పండిన ధాన్యముల పేర్లు, వాడిన పనిముట్ల పేర్లు చెప్పుమని అడిగి, అయిదు నిమిషములు ఫోనులో పట్టుడు. ముందుగా వారి అనుమతి పొందవలెను. దానిని ఎచ్చటను ప్రకటింపక జూన్ మాసమున తరగతికి తెండు. అందరము కలిసి విందుము. వారు ఫోను వద్దనినయెడల దానిని ప్రక్కనబెట్టి, వారి మాటలను కాగితముపై వ్రాసికొనుడు. వారు పలికినట్లే, ఒక్క అక్షరమైనను దిద్దక.