కుక్కకు మంచి నడవడి – ఇంటికి క్షేమం



మొరిగే కుక్క కరవదని సామెత. కాని భయపడిన కుక్క మొరుగుతుంది, కరుస్తుంది కూడా. వీధికుక్కలే కాదు, మనం అన్నం పెట్టి పెంచుకున్న కుక్క కూడా మన బిడ్డను కరవవచ్చు. చాలావరకు దీనికి కారణం భయం, చిన్నప్పుడు మంచి అలవాటు నేర్పకపోవడం. మొక్కై వంగనిది మానై వంగునా?

కుక్కపిల్లకు నేర్పవలసినవి

1. ఎనిమిది వారాలు నిండేవరకు తల్లి నుండి వేరుచేయవద్దు. గట్టిగా కొరకకూడదని అది తన తోడి పిల్లలతో ఆడుతూనే నేర్చుకుంటుంది.

2. మూడవ వారం నుండి సుమారు పద్నాలుగవ వారం వరకు చూసినవాటికి తేలికగా అలవాటుపడుతుంది. కర్ర పట్టుకున్న తాతను, గొడుగు వేసుకున్నవారిని, చిన్నపిల్లలను, మేకలను, ట్రాక్టరు చప్పుడును మెల్లగా పరిచయం చేయండి. టీకాలు పూర్తయ్యేవరకు వీధిలో వదలక ఎత్తుకొని చూపించండి.

3. చెప్పినట్లు చేసిన వెంటనే మెచ్చుకొని చిన్న రొట్టె ముక్క పెట్టండి. "రా", "కూర్చో" అనే మాటలను ఇంటిల్లిపాదీ ఒకేలా వాడండి. చేయి కొరికితే ఆట ఆపేయండి. కొడితే భయమే నేర్చుకుంటుంది.

పెద్ద కుక్క అయితే

ఆలస్యమవుతుంది గాని అసాధ్యం కాదు. కొత్తవారిని దూరం నుండి చూపించి తిండి పెట్టండి. బెదరకుంటే రోజురోజుకు కొంచెం దగ్గర చేయండి. పగలంతా గొలుసుతో కట్టి ఉంచితే కోపిష్టిదవుతుంది.

పిల్లలకు నేర్పవలసినవి

తింటున్న, నిద్రపోతున్న, పిల్లలకు పాలిస్తున్న కుక్క జోలికి పోరాదు. కొత్త కుక్క మీదికి వస్తే పరుగెత్తక, దాని కళ్లలోకి చూడక, కదలకుండా నిలబడాలి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుడు వీధికుక్కల దాడిలో మరణించాడు. పసివారిని ఒంటరిగా వదలకండి.

టీకా మరువవద్దు

మూడు నెలలకు రేబిస్ టీకా, తరువాత డాక్టరు చెప్పినప్పుడు మరొకటి, ఆపై ఏటేటా వేయించాలి. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ మొదటిసారి ఒక బాలునికి ఈ టీకా ఇప్పించారు. ఏటా ఆ తేదీన ప్రభుత్వ పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తుంటారు. మన హుజూర్‌నగర్ వారు, చుట్టుపక్కల పల్లెలవారు ముందుగా విచారించి తీసుకువెళ్లండి.

కరిస్తే

పసుపు, కారం, సున్నం పెట్టవద్దు. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి రండి. పెంపుడు కుక్కే కదా అని ఆగవద్దు. బొడ్డు చుట్టూ 14 సూదులన్న భయం వద్దు. ఆ పాత మందు ఇప్పుడు లేదు. నేడు చేతికి వేస్తారు. డాక్టరు చెప్పిన తేదీల్లో అన్ని మోతాదులూ పూర్తిచేయాలి. రేబిస్ లక్షణాలు కనబడ్డాక బ్రతకడం దాదాపు అసాధ్యం.

నోరులేని జీవాల బాగోగులు చూడడం నీతిమంతుని లక్షణమని సామెతలు 12:10 బోధిస్తుంది. ఓర్పుతో నేర్పుదాం, మన బిడ్డలను, పొరుగువారి బిడ్డలను కాపాడుకుందాం.