రాత్రిపూట బ్యాటరీని తాగేదెవరు?

వరికోతల కాలంలో నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు వెళ్తూ బస్సు కిటికీలోంచి ఎప్పుడైనా చూశారా? కె.సి. కాలువ కింద మాగాణుల్లో ఏనుగుల్లాంటి కోతమిషన్లు తిరుగుతూ కనిపిస్తాయి. అలాంటి మిషను ఒకటి ఆళ్లగడ్డ దగ్గర ఒక చేని గట్టున ఆగి ఉందనుకోండి. రెండు రోజులు ముసురు పట్టింది. అక్కడిది నల్లరేగడి నేల. తడిస్తే మనిషి కాలే దిగబడుతుంది, ఇక మిషను మాట చెప్పాలా? నేల ఆరడానికి ఇంకో మూడు రోజులు పట్టింది. వాలిపోయిన వరి వెన్నులు తడిలో పడి ఉన్నాయి. ఇంకా ఆలస్యమైతే గింజ చేలోనే మొలకెత్తుతుంది. రైతు గట్టుమీద నిలబడి చూస్తున్నాడు. డ్రైవరు తాళంచెవి తిప్పాడు. "టక్" మని ఒక్క చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

బ్యాటరీ దిగిపోయింది! అదేమీ పాతది కాదు. ఏడాదిలో కొన్న రెండో బ్యాటరీ అది.

"ఇది కూడా పనికిరానిదే అన్నా, వాపసిచ్చి ఇంకోటి తెస్తా" అన్నాడు డ్రైవరు.

"ఉండు అబ్బీ. దీన్ని ఎవురు తాగినారో చూడకుండా ఇంకోటి పెడితే అదీ అంతే గదా" అన్నాడు ఎలక్ట్రీషియను.

ఇద్దరిలో ఎవరి మాట సరైనది? మనం లెక్క వేసి చూద్దాం.

బ్యాటరీ మీద 12 వోల్టులు, 100 ఆంపియర్-గంటలు అని రాసి ఉందనుకోండి. 1 ఆంపియరు చొప్పున వాడితే సుమారు 100 గంటలు వస్తుందని అర్థం. ఇంజను స్టార్టు చేసేటప్పుడు సెల్ఫు మోటారు భారీగా విద్యుత్తు తీసుకుంటుంది. 300 ఆంపియర్లు, 5 సెకండ్లు అనుకుందాం. రెండూ గుణిస్తే 1,500 ఆంపియర్-సెకండ్లు. గంటకు 3,600 సెకండ్లు గదా. భాగిస్తే అర ఆంపియర్-గంటకు లోపే! అంత పెద్ద ఇంజనును కదిలించడానికి అయ్యే ఖర్చు అంతేనన్నమాట.

ఇప్పుడు మిషను ఆగి ఉన్నప్పుడు ఎక్కడో 0.6 ఆంపియరు కారిపోతోందనుకోండి. చిన్న బల్బు తీసుకునేపాటి ప్రవాహం అది. కాని 12 గంటల రాత్రికి 7.2 ఆంపియర్-గంటలు పోతాయి. అంటే 17 సార్లు స్టార్టు చేసినంత! రోజుకు 14.4, అయిదు రోజులకు 72. ఇక మిగిలేది 28. బ్యాటరీ దిగిపోయే కొద్దీ దాని అంతర్నిరోధం కూడా పెరుగుతుంది. అందువల్ల ఆ మిగిలినదాన్ని సెల్ఫు మోటారు అడిగిన వేగంతో ఇవ్వలేదు. లైటు వెలుగుతుంది, ఇంజను మాత్రం తిరగదు.

మరి ఇన్నాళ్లూ ఈ సంగతి ఎందుకు బయటపడలేదు? మిషను రోజూ పనిచేస్తున్నంతకాలం ఆల్టర్నేటరు రాత్రి పోయినదాన్ని పగలు నింపేస్తూ వచ్చింది. ముసురు పట్టి మిషను ఆగాకే దొంగ దొరికాడు.

ఇలా కారే బ్యాటరీకి ఇంకో ఆపద కూడా ఉంది. 1859లో ఫ్రాన్సు శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన సీసపు బ్యాటరీకి రూపాలు ఎన్ని మారినా అందులోని రసాయనం మారలేదు. సీసం పలకలు, మధ్య సల్ఫ్యూరిక్ ఆమ్లం. విద్యుత్తు ఇచ్చేటప్పుడు పలకల మీద లెడ్ సల్ఫేటు ఏర్పడుతుంది. చార్జి చేస్తే కరిగి మళ్లీ ఆమ్లంలోకి పోతుంది. కాని దిగిపోయిన బ్యాటరీని అలాగే వదిలేస్తే ఆ సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా మారుతుంది. ఇక అది తేలిగ్గా కరగదు. కారడం ఆపకపోతే మంచి బ్యాటరీ కూడా నిజంగానే చెడ్డదవుతుందన్నమాట. డ్రైవరు కొన్న మొదటి బ్యాటరీ గతి అదే కాబోలు!

అయితే బ్యాటరీలోనే లోపం లేదని ఎలా చెప్పగలం? దీనికి చక్కని ప్రయోగం ఉంది. బ్యాటరీని పూర్తిగా చార్జి చేసి, వైర్లు తీసేసి, రెండు రాత్రులు ఊరికే ఉంచాలి. నిండిన బ్యాటరీ వోల్టు మీటరు మీద సుమారు 12.6 చూపుతుంది. రెండు రాత్రుల తర్వాత కూడా దాదాపు అంతే ఉంటే బ్యాటరీ నిర్దోషి. దోషి మిషనులో ఉన్నాడు.

ఇక వెతకడం. కాలువ కింద రైతుకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. పిల్లకాలువలో నీళ్లు ఎక్కడికో పోతున్నాయంటే మడవలు ఒక్కొక్కటే మూసుకుంటూ వస్తాడు. ఏది మూసినప్పుడు నీటి పరుగు ఆగిందో అక్కడే గండి ఉన్నట్టు. మన ఎలక్ట్రీషియను చేసేదీ అదే. మడవలకు బదులు ఫ్యూజులు, నీటి పరుగు చూసే కంటికి బదులు అమ్మీటరు.

అమ్మీటరును శ్రేణిలో కలపాలని మీరు బడిలో చదువుకున్నారు. ఎలక్ట్రీషియను తాళంచెవి తీసేశాడు, లైట్లన్నీ ఆర్పాడు, బ్యాటరీ ఋణ ధ్రువం వైరు విప్పాడు. ఆ వైరుకూ ధ్రువానికీ మధ్య మీటరు పెట్టాడు. ధన ధ్రువం ఎందుకు విప్పలేదు? మిషను ఇనుప శరీరమంతా ఋణ ధ్రువానికి కలిసి ఉంటుంది. ధన ధ్రువం విప్పేటప్పుడు పానా జారి శరీరానికి తగిలితే పెద్ద మెరుపు వస్తుంది, పానా కాలిపోతుంది. ఋణ ధ్రువం దగ్గర పానా తగిలినా ఏమీ కాదు. మీటరు పెట్టి ఉండగా సెల్ఫు కొట్టకూడదు. 10 ఆంపియర్ల మీటరు వందల ఆంపియర్లకు ఆగుతుందా?

మీటరు 0.6 చూపింది. ఎలక్ట్రానిక్ కంట్రోలు పెట్టెలున్న కొత్త మిషన్లయితే వెంటనే తీర్పు చెప్పకూడదు. తాళం తీశాక అవి నిద్రపోవడానికి కొంతసేపు పడుతుంది. అరగంట ఆగడం మంచిది. ఆ తర్వాత కూడా గడియారానికీ, జ్ఞాపకానికీ 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్లు తీసుకోవడం మామూలే. 0.6 అంటే 600 మిల్లీ ఆంపియర్లు. అది మామూలు కాదు.

ఒక్కొక్క ఫ్యూజే పీకాడు. రాత్రికోతల కోసం తగిలించిన లైట్లది తీశాడు, ముల్లు కదల్లేదు. హారనుది, రేడియోది, అన్నీ అయిపోయాయి. 0.6 అలాగే ఉంది. చాలామంది విసుగెత్తి మిషను వదిలేసేది ఇక్కడే. కాని ఫ్యూజు పెట్టె గుండా పోని దారులు కూడా ఉంటాయి: సెల్ఫు మోటారు, ఆల్టర్నేటరు, ఎవరో నేరుగా బ్యాటరీకి తగిలించిన అదనపు వైర్లు.

అతడు ఆల్టర్నేటరు మీద చెయ్యి పెట్టి చూశాడు. రాత్రంతా ఆగిన ఇంజను మిగతా ఇనుమంతా చల్లగా ఉంటే, అది మాత్రం గోరువెచ్చగా ఉంది! దాని వైరు విప్పగానే మీటరు సున్నకు పడిపోయింది.

ఆల్టర్నేటరులో డయోడ్లు ఉంటాయి. డయోడు ఒకవైపే తెరుచుకునే తలుపు లాంటిది. అక్కడ పుట్టే ఏకాంతర విద్యుత్తును ఏకముఖ విద్యుత్తుగా మార్చి బ్యాటరీకి పంపడం, ఇంజను ఆగాక బ్యాటరీ విద్యుత్తు వెనక్కి రాకుండా ఆపడం, రెండూ వాటి పనులే. ఒక డయోడు చెడి తలుపు సందుగా ఉండిపోతే రాత్రంతా విద్యుత్తు తీగచుట్టల్లోకి కారుతుంది. 12 వోల్టులను 0.6 ఆంపియరుతో గుణిస్తే 7.2 వాట్లు. ఆ వెచ్చదనం అక్కడిదే.

ఈ పని చూడాలనుకుంటే మెకానిక్కు పక్కన నిలబడి చూడండి, మీరుగా చెయ్యకండి. చార్జి అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. ఒక్క బీడీ నిప్పు చాలు, పేలుతుంది. లోపలి ఆమ్లం కళ్లలో పడితే చూపు పోవచ్చు. చేతికి ఉంగరమో కడియమో ఉంటే తీసి జేబులో వేసుకోమని మెకానిక్కుకు మీరే గుర్తుచెయ్యండి.

పోయే ముందు ఒక లెక్క. బేతంచెర్ల రాతి గనుల వైపు తవ్వే పెద్ద పొక్లెయిన్లకు 24 వోల్టులు కావాలి. అందుకని రెండు 12 వోల్టుల బ్యాటరీలను శ్రేణిలో కలుపుతారు. ఒక్కొక్కటి 150 ఆంపియర్-గంటలది. మిషను 10 రోజులు ఆగింది, 0.25 ఆంపియరు కారుతోంది. ఎంత మిగులుతుంది? పోయినది 60. మొత్తం 300 లోంచి తీసి 240 అన్నారా? తప్పు. శ్రేణిలో వోల్టులు కూడతాయి గాని ఆంపియర్-గంటలు కూడవు. ఒకే ప్రవాహం రెండింటి గుండా పోతుంది. రెండింటిలోనూ 90 చొప్పున మిగులుతుంది. అదే డ్రైవరు తన 12 వోల్టుల రేడియో కోసం ఒక్క బ్యాటరీ నుంచే వైరు లాగి ఉంటే, ఆ ఒక్కటే దిగుతుంది. చార్జి చేసేటప్పుడు నిండుగా ఉన్న రెండోదానికి అవసరానికి మించి ఎక్కుతుంది. అలా కొన్ని నెలల్లో రెండూ పాడవుతాయి, ఒకటి ఆకలితో, ఇంకొకటి అజీర్తితో!