కోడ్ చూడగానే సోలనాయిడ్ విప్పకు

జగిత్యాల

మేనల్లుడికి,

షార్జాలో నిన్ను గేర్‌బాక్స్ పనిలోకి తీసుకున్నారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమైంది. రెండో గేరు నుంచి మూడో గేరుకు జెర్క్ కొట్టే పాత కరోలా నీ చేతికి వచ్చిందని, స్కానర్ సోలనాయిడ్ కోడ్ చూపిందని, ఫోర్‌మన్ కొత్తది తెప్పించమంటున్నాడని మెసేజ్ పెట్టావు. తెప్పించే ముందు ఈ ఉత్తరం చదువు. అంత పాత బండి నడిపేవాడు నీలాగా నెల జీతం మీద బతికేవాడే అయి ఉంటాడు. మంచి సోలనాయిడ్ తీసి పారేసి, తెగిన వైరును అలాగే ఉంచి బండి అప్పజెప్తే అతని డబ్బులు పోతాయి, నీ పేరూ పోతుంది.

కోడ్‌ను చివరి అంకె దాకా చదువు. పీ0700 వస్తే గేర్‌బాక్స్ కంప్యూటర్ ఇంజిన్ లైటు వెలిగించమని అడిగిందని మాత్రమే అర్థం. అసలు సంగతి ఆ కంప్యూటర్ లోపల ఉంటుంది, ఇంజిన్‌ను మాత్రమే చదివే చౌక స్కానర్‌కు అది దొరకదు. పీ0753 అయితే 'ఏ' సోలనాయిడ్‌కు వెళ్లే కరెంటు దారిలో ఎక్కడో లోపం. పీ0751 అయితే కరెంటు సరిగ్గానే ఉంది, అయినా గేరు పడాల్సినట్టు పడటం లేదు. పీ0753కి మల్టీమీటర్ తియ్యి, పీ0751కి ఆయిల్ దగ్గర మొదలుపెట్టు. కోడ్ చెరిపేసే ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ రాసిపెట్టుకో. లోపం వచ్చినప్పుడు బండి ఎంత స్పీడులో ఉందో, ఎంత వేడి మీద ఉందో అందులో ఉంటుంది.

ఆయిల్ చూసే పద్ధతి ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. డిప్‌స్టిక్ ఉన్న టయోటాలో ఆయిల్ వేడెక్కాక, లివర్‌ను అన్ని గేర్లలోకి తిప్పి 'పీ'లో పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా చూడాలి. హోండాలో ఇంజిన్ ఆపి, 60 నుంచి 90 సెకన్ల మధ్య చూడాలి. ఆయిల్ తక్కువైతే ప్రెషర్ చాలదు, అప్పుడు గేరు ఆలస్యంగా పడితే సోలనాయిడ్ ఏం చేస్తుంది?

ఇక మీటర్ పని. ఇక్కడ తొందరపడకు. ముందు బ్యాటరీ వోల్టేజీ, ఫ్యూజు, ఎర్త్ చూడు. మూడు నాలుగు సోలనాయిడ్ల కోడ్‌లు ఒక్కసారిగా వస్తే అన్నీ ఒకేరోజు చెడిపోయాయని నమ్మకు. అన్నింటికీ ఉమ్మడిగా ఉన్న వైరులోనో కనెక్టర్‌లోనో లోపం ఉండొచ్చు. తర్వాత గేర్‌బాక్స్ మీది కనెక్టర్ ఊడదీసి పిన్నులు చూడు. లోపల ఆయిల్ తడి ఉందా, పచ్చగా చిలుము పట్టిందా? 1996లో వచ్చిన మెర్సిడెస్ ఐదు గేర్ల బాక్స్‌లో కనెక్టర్ దగ్గరి రబ్బరు రింగు గట్టిపడితే ఆయిల్ వైర్ల వెంటే పాకి పైనున్న కంప్యూటర్ దాకా పోతుంది. అలాంటి బండిలో సోలనాయిడ్లు ఎన్ని మార్చినా లాభం లేదు.

పిన్నులు శుభ్రంగా ఉంటే అక్కడే ఓమ్స్ కొలువు. నీ కరోలా తరం టయోటాల ఆన్-ఆఫ్ సోలనాయిడ్‌కు 20 డిగ్రీల దగ్గర 11 నుంచి 15 ఓమ్స్ ఉండాలి, ప్రెషర్‌ను నడిపే లీనియర్ సోలనాయిడ్‌కు ఐదు చిల్లర. రాగి వేడెక్కితే ఓమ్స్ పెరుగుతాయి. చల్లగా 13 చూపిన కాయిల్ 90 డిగ్రీల ఆయిల్లో పదహారున్నర చూపుతుంది, దాన్ని చూసి చెడిపోయిందనుకోవద్దు. అందుకే పొద్దున చల్లగా ఒకసారి, బండి బాగా తిప్పి తెచ్చాక ఒకసారి కొలువు. చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక సర్క్యూట్ తెగేవి ఇలా తప్ప దొరకవు, షార్జా ఎండల్లో ఇది ఇంకా అవసరం. కనెక్టర్ దగ్గర సర్క్యూట్ తెగినట్టు చూపినా తీర్పు చెప్పకు. ఆయిల్ చాంబర్ దింపి సోలనాయిడ్ దగ్గరే మళ్లీ కొలువు. ఏళ్ల తరబడి వేడి ఆయిల్లో ఉడికిన లోపలి వైరు తెగి ఉండొచ్చు.

చాంబర్ దింపినప్పుడు దాని అడుగునున్న అయస్కాంతం చూడు. మెత్తటి నల్ల పొడి మామూలే. మెరిసే రేకులు, మాడిన వాసన ఉంటే క్లచ్ ప్లేట్లు పోయినట్టే. ఆ మాట యజమానికి అప్పుడే చెప్పు. సోలనాయిడ్ మార్చి ఆశ పెట్టడం అన్యాయం.

విప్పిన ఆన్-ఆఫ్ సోలనాయిడ్‌కు 12 వోల్టులు తగిలిస్తే 'టక్' మనాలి. లీనియర్ దానికి మాత్రం నేరుగా ఇవ్వకు, కాయిల్ కాలుతుంది. మధ్యలో 21 వాట్ల బల్బు పెట్టు. 'టక్' మన్నంత మాత్రాన ఆయిల్ పోతుందని కాదు, మెల్లగా గాలి ఊది చూడు. కరెంటు ఇచ్చినప్పుడు, తీసినప్పుడు గాలి పోవడంలో తేడా తెలియాలి. తేడా లేకపోతే అప్పుడు కొత్తది తెప్పించమను.

బోల్టుల పొడవు ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది, ఏది ఎక్కడిదో ఫోటో తీసిపెట్టుకో. పాత సోలనాయిడ్‌ను నీ కొలతలు రాసిన కాగితంతో సహా యజమాని చేతికివ్వు. ఫోర్‌మన్‌తో వాదన వద్దు, ఆ కాగితమే చూపించు.

ఈ శుక్రవారం ఫోన్ చేసినప్పుడు కరోలా పూర్తి కోడ్, చల్లగా ఎన్ని ఓమ్స్, వేడిగా ఎన్ని ఓమ్స్ చూపిందో చెప్పు. తర్వాత ఏం చేయాలో ఇద్దరం కలిసి చూద్దాం.

మీ మామ